మేము గ్యాసు గ్రిల్లు కొన్న వృత్తాంతము

బంగారము కొనునపుడు గీటురాతిమీద గీయించి చూతుము. చీర కొనునపుడు అంచు తిరుగవేసి, పోగు లాగి చూతుము. బియ్యము కొనునపుడు నాలుగు గింజలు నోట వేసికొందుము. వంటింటి యంత్రముల కడకు వచ్చునప్పటికి మాత్రము ఈ పరీక్షలన్నియు మఱచి, పైమెఱుగు చూచి డబ్బిచ్చి వచ్చెదము. నిప్పుతో పనిచేయు వస్తువునకే పరీక్ష తక్కువ యగుట వింత గదా! ఈ సంవత్సరము మేము మా యింటికి గ్యాసు గ్రిల్లు నొకదానిని కొంటిమి. దానికొఱకు పట్టణమంతయు తిరిగి తెలిసికొన్న సంగతులు పలువురకు పనికివచ్చునని తోచి యిచ్చట వ్రాయుచున్నాము.

మా కాపురము నిజాంపేటలో. మావారు బడిపంతులు, పిల్లలకు సైన్సు చెప్పుదురు. 2019లో బాచుపల్లి, ప్రగతినగరములతో గూడి పురపాలక సంస్థ యగువఱకు ఈ యూరు గ్రామపంచాయతీయే. ఇప్పుడు వీధిలో నిలిచి తలయెత్తినచో మేడల నడుమ ఆకాశము చీలికలుగా గనబడును. హైటెక్ సిటీలో కొలువు చేయు పడుచు దంపతులు ఇందు పెక్కండ్రు కాపురమున్నారు. శనివారము సాయంకాలము నలుగురు మేడపై చేరి గ్రిల్లు వెలిగించుకొను వేడుక వారిలో బయలుదేరినది. ఆ వేడుకను మేము తప్పుపట్టము. అది చూచి మేము కొనలేదని మాత్రము చెప్పవలెను.

కాల్చి తినుట దొరలు నేర్పిన విద్య యని కొందఱు తలతురు. అమరకోశమున శూల్యము, భటిత్రము అను పదములు కలవు. రెండును చువ్వకు గ్రుచ్చి కాల్చిన మాంసమునకు పేర్లే. కళ్యాణి చాళుక్య ప్రభువైన సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున నిప్పులపై కాల్చిన వంటకముల ముచ్చట కలదు. హైదరాబాదు పాతబస్తీలో నేటికిని కాగిన రాతిపలకపై మాంసము కాల్చి పత్థర్ కా గోష్త్ అని యమ్ముదురు. మా యింట శాకములే గనుక మాకు మాంసముతో పనిలేదు. మాకు కావలసినది కుంపటి. అమరమున కుంపటికి అంగారధానిక, అంగారశకటి, హసంతి, హసని అని నాలుగు పేర్లు. చిన్ననాడు మా తండ్రిగారు ఈ పదములు వల్లె వేయించుచు హసంతి కడ ఆగి, "నవ్వేది అని అర్థమమ్మా, ఎందుకో చూద్దువు గాని రా" యని మా యమ్మ కుంపటి కడకు గొనిపోయిరి. బొగ్గులు రాజుకొని చిటపటలాడుచుండెను. ఆ పదమును మేము నేటివఱకు మఱువలేదు.

మా అత్తగారిది తెనాలి ప్రాంతము. మామగారు గతించిన పిమ్మట మూడేండ్ల క్రిందట ఆమె మాకడకు వచ్చిరి. వచ్చునపుడు ఒక ట్రంకుపెట్టె, భాగవతము, ఇనుప కుంపటి తెచ్చుకొనిరి. కుంపటి యెందులకని ఎవరును అడుగలేదు. పల్లెలో ఆమెకు పెరటి నిండ పొయ్యిలు: పాలు కాగుటకు పిడకల దాలి, అన్నమునకు కట్టెల పొయ్యి, వంకాయ కాల్చుటకును అప్పడములు కాల్చుటకును ఈ కుంపటి. ఇక్కడ ఉన్నది ఒక్క స్టవ్వు. దానిముందు నిలుచువారము మేము. "మీరు కూర్చోండి అత్తయ్యా" యని మర్యాదకే యందుము. ఆ మాట వినివిని ఆమె కూర్చుండిపోయిరి. రానురాను అన్నము కూడ తగ్గించిరి. వైద్యులు చూచి రోగమేమియు లేదనిరి.

ఒకనాడు ఏమి తినవలెనని యున్నదని అడుగగా కాల్చిన వంకాయ పచ్చడి యనిరి. స్టవ్వు మీదనే కమ్మీ పెట్టి కాల్చి చేసితిమి. స్టవ్వు మంట గిన్నె అడుగునకు తగులుటకై యేర్పడినది. వంకాయకు ఒక్క చోట తగిలి తొక్క మాడును. ఆవలి ప్రక్క పచ్చిగా నుండును. కారిన రసము బర్నరు కన్నములలో బడి గడ్డకట్టును. అత్తగారు ఒక్క ముద్ద కలుపుకొని, "అమ్మాయీ, ఇది ఉడికింది గాని కాలలేదే" యని విస్తరి ప్రక్కకు జరిపిరి. ఆ మాటలో నింద లేదు. ఉన్న సంగతి చెప్పిరి.

గత పుష్యమాసమున చలి యెక్కువగా నుండెను. మావారు బడికిని, మేము అంగడికిని పోయిన వేళ అత్తగారు తమ కుంపటి వెలికిదీసి, గిన్నెలు తోము వాష్ ఏరియాలో బొగ్గులు రాజేసికొనిరి. ఆ చోటికి గాజు కిటికీలు బిగించియున్నవి. చలిగాలి రాకుండ వానిని మూసికొనిరి. మేము తిరిగి వచ్చునప్పటికి ఆమె గోడకు జేరబడి, తల పగులుచున్నదనియు కడుపులో త్రిప్పుచున్నదనియు మాటలు తడబడ చెప్పుచుండిరి. కుంపటిలో పొగ యించుకయు లేదు. నిప్పులు ఎఱ్ఱగా నవ్వుచున్నవి. కిటికీలు తెఱచి, ఆమెను ముందు బాల్కనీలోనికి నడిపించి, వైద్యశాలకు గొనిపోతిమి. ప్రాణవాయువు పట్టిరి. సాయంకాలమునకు తేఱుకొనిరి.

ఇందున్న శాస్త్రమును మావారు తరువాత విడమరచి చెప్పిరి. అది ప్రతి యిల్లాలును తెలిసికొనదగినది. మూసిన చోట బొగ్గు మండునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకంటె రెండువందల రెట్లకు పైబడిన బిగువుతో దీనిని పట్టుకొనును. పట్టుకొన్న పిదప ప్రాణవాయువునకు చోటుండదు. పొగయైనచో కన్ను మండి లేచిపోదుము. ఇది నిద్రవలె వచ్చును. పొగ లేదు గనుక భయము లేదనుకొనుటయే పెద్ద అపాయము. ఇండ్లలో కట్టెలు, పిడకలు, బొగ్గు మున్నగువాని వలన చెడిన గాలికి 2020లో ప్రపంచమున రమారమి 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టినది.

ఆనాటినుండి అత్తగారు కుంపటి మాట యెత్తలేదు. అన్నము మాట కూడ నెత్తలేదు. కుంపటిని మేడపైకి చేర్చుదమా యనగా, బూడిద యెగిరి ఆరవేసిన బట్టలపై బడునని అపార్టుమెంటు సంఘమువారు బొగ్గు వలదనిరి. అదిగాక ఆమె మోకాళ్ళకు ఆ మెట్లు ఎక్కుట యెట్లు? అప్పుడు మావారు గ్రిల్లు మాట తెచ్చిరి. "బొగ్గు లేకుండ కాల్చవచ్చును, మంట పలకంతటికి సమముగా పఱచుకొనును" అనిరి. రెండేండ్లుగా చీటీ కట్టి దాచిన సొమ్ము మాకడ నుండెను. అది మా గాజులకని యుద్దేశించినది. గాజులు మఱియొకప్పుడు చేయించుకొనవచ్చును.

ఇచట ఒక్కమాట. వంటింటి పొగను గూర్చి మన హైదరాబాదువారు ఎన్నడో ఆలోచించిరి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టముతో గూడిన మట్టిపొయ్యి నొకదానిని రూపొందించి, 1953లో స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్ అను ఆంగ్ల గ్రంథమును ప్రకటించిరి. ఒక్క మంటపై వరుసగా గిన్నెలు పెట్టుకొనుటకును, పొగ గొట్టముగుండ వెలికి బోవుటకును అందు ఏర్పాటు కలదు. 1965లో కలకత్తాలో ఇండేన్ గ్యాసు మొదటిసారి ఇంటికి చేరినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకము క్రింద పేద స్త్రీల పేర గ్యాసు కనెక్షన్లు ఇచ్చిరి; 2016లో ఉజ్జ్వల పథకము దేశమంతట వచ్చినది. పొగ పోయినది, మంచిదే. దానితోడ కాల్పు కూడ పోయినది. దానిని గూర్చి ఎవరును లెక్క వ్రాయలేదు.

ఇక కొనుగోలు. మొదట కూకటుపల్లి పెద్దరోడ్డుమీద అద్దాల యంగడి కొకదానికి పోతిమి. అందు గ్రిల్లు ఒకటి పెండ్లికూతురివలె మెఱయుచుండెను. మూత, మూతపై వేడి చూపు గడియారము, ప్రక్కల బల్లలు, క్రింద చక్రములు. గుండ్రని మూతగల బొగ్గు గ్రిల్లు 1952లో చికాగో ప్రాంతమున పుట్టినదని మేము తెలిసికొంటిమి. జార్జి స్టీఫెన్ అను నాతడు నీటిపై తేలు బోయాలు చేయు కర్మాగారమున పనిచేయుచు, ఆ లోహపు గోళమును రెండు చిప్పలుగా కోసి క్రిందిదానిలో బొగ్గులు పోసి పైదానిని మూతగా వాడెనట. అంగడి కుఱ్ఱవాడు ఆ మూతను పదిమార్లు తెఱచి మూసి చూపెను. బర్నరు చూపుమనగా, "అది లోపలుంటుంది మేడం, కనబడదు" అనెను. వెలిగించి చూపుమనగా అంగడిలో గ్యాసు లేదనెను.

నలోపాఖ్యానము చదివినవారికి జ్ఞాపకముండును. బాహుకుడు నలుడగునా కాదా యని దమయంతికి సందేహము కలిగినపుడు ఆమె యతని రూపు చూడలేదు. కేశినిని పంపి అతడు వంట చేయు తీరును చూచి రమ్మనెను. పాత్రలో నీరు తనంత నిండినది, గడ్డిపోచ తనంత రగిలినది. ఆ నిప్పును బట్టి ఆమె మగని గుర్తుపట్టినది. గ్రిల్లు కొనువారికిని అంతకు మించిన ఉపాయము లేదు. మంట చూడక కొనరాదు. నలునకు నిప్పు తనంత వచ్చును. మనకు మీట నొక్కవలె, అంతే భేదము.

ఆ యంగడి గ్రిల్లులో మఱియొక చిక్కు కలదు. అది పరదేశమున చేసినది. గ్యాసు గ్రిల్లునకు ప్రాణస్థానము జెట్టు. సూదిమొన వంటి కన్నము గల చిన్న ఇత్తడి మర. ఆ కన్నము ఎంత ఉండవలెనన్నది గ్యాసు ఎంత ఒత్తిడితో వచ్చునన్న దానిపై ఆధారపడును. మన యింటి సిలిండరు రెగ్యులేటరు చదరపు సెంటీమీటరునకు రమారమి 30 గ్రాముల ఒత్తిడితో గ్యాసును విడుచును. కొన్ని దేశములలో ఒత్తిడి వేఱు, సిలిండరు మూతి వేఱు. మన ఒత్తిడికి అమరని జెట్టుతో మంట చాలకపోవును, లేదా పసుపుపచ్చగా లేచి మసి కమ్మును. గొట్టపు గ్యాసు గల యిండ్లలో జెట్టు మఱియు వేఱు. సిలిండరు గ్యాసు ప్రొపేను, బ్యూటేనుల కలయిక, గొట్టపు గ్యాసు మీథేను. ఈ సంగతి అడుగగా కుఱ్ఱవాడు, "హోటలువాళ్ళ హై ప్రెషర్ రెగ్యులేటరు వేస్తే సరిపోతుంది మేడం, అడాప్టరు మేమే ఇస్తాం" అనెను. ఇండ్లకు తగిన వస్తువునకు హోటలు ఒత్తిడి పెట్టుట నిప్పుతో చెలగాటము. ధర నలువదివేలు దాటియుండెను. నమస్కారము చేసి వెలికి వచ్చితిమి.

రెండవ యంగడిలో ఆరువేలకే గ్రిల్లు దొరకును. మావారు బడి ప్రయోగశాలనుండి చిన్న అయస్కాంతమును జేబులో వేసికొని వచ్చిరి. స్టెయిన్‌లెస్ స్టీలు అన్నంత మాత్రమున అంతయు ఒక్కటి గాదు. నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు గల 304 రకము తుప్పునకు బాగుగా నిలుచును. దానికి అయస్కాంతము సాధారణముగా అంటదు. నికెలు లేని 430 రకమునకు చక్కగా అంటును. ఈ గ్రిల్లు కప్పునకు అంటలేదు; బర్నరు గొట్టమునకు టక్కున అంటినది. పైన మేలు, లోపల నాసి! అయితే అంటలేదని మాత్రమే సంతోషింపరాదు సుమా. నికెలు తగ్గించి మాంగనీసు చేర్చిన 200 వరుస రకములకు కూడ అయస్కాంతము అంటదు. ఉప్పుకు, పులుపునకు అవి త్వరగా మచ్చపడును. కావున అయస్కాంతము అబద్ధమును పట్టియిచ్చును గాని నిజమునకు సాక్ష్యము చెప్పదు. బిల్లుమీద రకము వ్రాసి యిమ్మని యడుగుటయే దారి. వ్రాయుటకు వెనుదీయు అంగడివాని కడ కొనకుండుట మంచిది.

చివరకు బేగంబజారు చేరితిమి. పాత్ర సామానులకు హైదరాబాదున అంతకు మించిన చోటు లేదు. హోటళ్ళకు పొయ్యిలు చేయు నొక వృద్ధ వర్తకుడు మా ప్రశ్నలు విని, నవ్వి, రెండు బర్నరుల గ్రిల్లు నొకదానిని వీధి యరుగుమీదికి తెప్పించి సిలిండరు తగిలించెను. మంట నీలముగా, పొట్టిగా, కన్నము కన్నమునకు సమముగా వచ్చెను. మేము సంచిలోనుండి మినపప్పడముల కట్ట తీసితిమి. అతడు తెల్లబోయి, "అప్పడాలు ఎందుకమ్మా?" యనెను. పలక కాగిన తరువాత దానినిండ అప్పడములు పఱచితిమి. మంట సమముగా నున్నచో అన్నియు ఒక్కమాఱు పొంగును. ఎక్కువ తక్కువలున్నచో కొన్ని మాడును, కొన్ని పచ్చిగా మిగులును. తొమ్మిదింటిలో ఏడు చక్కగా పొంగెను. మూలనున్న రెండు మాత్రము వెనుకబడెను. అతడు ఒక అప్పడము కొఱికి, "ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను, ఈ పరీక్ష ఇప్పుడే చూస్తున్నా" యని, బర్నరు నొకదానిని రెండంగుళములు జరిపి బిగించి యిచ్చెను.

అందు మాకు నచ్చిన సంగతులు చెప్పెదము. పలక పోత యినుము. ఒంటిచేత ఎత్తలేనంత బరువు. సన్నని తీగల పలకపై వంకాయ పెట్టగానే తీగ చల్లబడిపోవును. బరువైన యినుము దాచుకొన్న వేడిని వదలక కాల్చును. మన దోసెపెనము సంగతియే యిది. దానివలెనే దీనికిని నూనె రాచి మరగబెట్టి పదును పట్టింపవలె. బర్నరుపై వాలుగా ఇనుప కప్పు కలదు. రసము కారినను కన్నములలో బడదు, ఆ కప్పుపై బడి ఆవిరియై పైకి లేచి కూరకే అంటును. కాల్చిన రుచిలో చాల భాగము ఈ ఆవిరియు, మాడిన తొక్కయు ఇచ్చునవే గాని బొగ్గు ఇచ్చునది కొంచెమే. అడుగున లాగి కడుగుకొను పళ్ళెము కలదు. మాంసము కాల్చు ఇండ్లలో ఆ పళ్ళెమును ప్రతిదినము కడుగనిచో క్రొవ్వు అంటుకొని మంట లేచునట. అన్నిటికంటె ముఖ్యమైనది, గాలికి మంట ఆరినచో గ్యాసును తనంత కట్టివేయు సాధనము. ఐదవ అంతస్తు బాల్కనీలో గాలి అడుగకయే వచ్చును. ఆ సాధనము లేని గ్రిల్లు చవుకయైనను మేము తీసికొనము. దానికి వేఱుగ ధర పడినది. అన్నియు కలిసి 14,500 రూపాయలైనది. మూత వలదంటిమి. మూత తీసివేసినందుకు పైకము తగ్గింపుమని కూడ అడిగితిమి, తగ్గించెను.

గ్రిల్లు వచ్చినది గదా, సిలిండరు మాట? వంటింటి 14.2 కిలోల సిలిండరును ఇటు నటు మార్చుట మాకిష్టము లేదు. గ్యాసు ఏజెన్సీలో 5 కిలోల చిన్న సిలిండరు దొరకును. దానికి తగిన రెగ్యులేటరు, నారింజరంగు సురక్షా గొట్టము అక్కడనే తీసికొంటిమి. గొట్టముపై ఐ.ఎస్. 9573 గుర్తు చూచుకొనవలె, ఐదేండ్లకు మార్చవలె. వీధులలో దొంగతనముగా నింపి యమ్ము చిన్న డబ్బాలు, ఎంత చవుకయైనను, గుమ్మము త్రొక్కనీయరాదు.

సిలిండరు గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోదు. నీటివలె నేలమీద పఱచుకొని పల్లమున నిలుచును. కావుననే పల్లముగా నుండి నీటి తూము గల వాష్ ఏరియాలో గ్రిల్లు పెట్టలేదు. ముందు బాల్కనీకి కమ్మీలు నేలవఱకు ఖాళీగా నున్నవి, గాజులు లేవు. అచ్చట రాతిబల్లపై గ్రిల్లును, ప్రక్కన క్రింద నిలువుగా సిలిండరును అమర్చితిమి. గొట్టము మంటక్రిందికి పోరాదు. సంఘమువారికి చెప్పి చూపితిమి. బొగ్గు గాదు గనుక ఒప్పుకొనిరి. వెలిగించుటకు మునుపు మావారు సబ్బునీరు నురుగుచేసి ప్రతి అతుకునకు పూసిరి. రెగ్యులేటరు కడ బుడగ లేచినది. తీసి మరల బిగించిన పిదప లేవలేదు. అగ్గిపుల్ల గీసి కారుటను పరీక్షించువారు నేటికిని ఉన్నారని వినుచున్నాము. వారికి దండము పెట్టవలెను. గ్యాసు వాసన వచ్చినచో మీట కట్టి, తలుపులు తెఱచి, దీపపు స్విచ్చి ముట్టక వెలికి వచ్చి 1906 అను సంఖ్యకు ఫోను చేయవలె. ఆ సంఖ్యను గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసియుంచితిమి.

ఇంత జరుగుచుండగా అత్తగారు గదిలోనుండి రాలేదు. "నా కోసం ఇంత డబ్బా?" యని ఒక్కమాట యనిరి, అంతే. మేము గుండ్రని వంకాయలు నాలుగు పళ్ళెములో పెట్టి, నూనెగిన్నె, పట్టకారు ప్రక్కనుంచి, "అత్తయ్యా, మంట ఎంత పెట్టాలో మాకు తెలియదు, మీరొచ్చి చూడండి" యని పిలిచితిమి. ఈ మాట మర్యాదకు గాదు, నిజముగనే తెలియదు. ఆమె వచ్చి, మీట ఎటు త్రిప్పవలెనో రెండుమార్లు చెప్పించుకొని, మూడవమాఱు తామే వెలిగించిరి. మంట మిక్కిలి పెద్దదనిరి. తగ్గించిరి. వంకాయకు నూనె రాచి, కత్తితో రెండు గాట్లు పెట్టి, పలకపై నుంచిరి. మేము కుర్చీ తెచ్చి వేసితిమి గాని కూర్చుండలేదు. ఇరువది నిమిషములు నిలుచుండి, నాలుగు ప్రక్కలకు నాలుగుమార్లు త్రిప్పిరి. తొక్క నల్లబడి, పగిలి, కాయ కూలబడినపుడు తీసి గిన్నె క్రింద మూతవేసిరి. ఆ యావిరికి తొక్క ఊడివచ్చును. పచ్చిమిరపకాయలు, రెండు టొమాటోలు కూడ ఆ పలకపైననే కాల్చిరి. ఉప్పు, జీలకఱ్ఱ, కొంచెము చింతపండు చేర్చి రోటనే నూరిరి. పచ్చి ఉల్లిముక్కలు కలిపి, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ తాలింపు పెట్టిరి.

రుచి చూచి ఏమందురో యని మేమందఱము ఆమె మొగమే చూచుచుంటిమి. "కాలింది" అనిరి. కొంచెము తాళి, "నిప్పు వాసన మాత్రం లేదు" అనిరి. మావారు ఆవిరి సిద్ధాంతము చెప్పబోగా, "నువ్వూరుకోరా" యని, అటుకమీదినుండి తమ బొగ్గుల సంచి దింపించి, ఉసిరికాయంత బొగ్గు నొకదానిని పట్టకారుతో మంటపై ఎఱ్ఱగా కాల్చిరి. పచ్చడి గిన్నె నడుమ చిన్న స్టీలు గిన్నెలో దానినుంచి, నేతిబొట్టు వేసి, వెంటనే మూత పెట్టిరి. ఇది హైదరాబాదు వంటవారికి బాగుగా తెలిసిన ఉపాయము, దుంగార్ అందురు. తెనాలి పల్లెలో ఆమెకు ఎవరు నేర్పిరో అడుగగా, "నేర్పడమేమిటే, మజ్జిగపులుసుకు మా అమ్మ చేసేది" యనిరి. బయటి గాలిలో, ఒక్క బొగ్గు, రెండు నిమిషములు. మావారును అభ్యంతరము చెప్పలేదు. ఆ మధ్యాహ్నము ఆమె రెండుమార్లు అన్నము పెట్టించుకొనిరి.

ఇప్పుడు ఆ బాల్కనీ ఆమెది. మేము అడిగి వాడుకొనవలసినదే. మొక్కజొన్న పొత్తులు, చిలగడదుంపలు, వేసవిలో పచ్చడికి మామిడికాయ, రాత్రి జొన్నరొట్టెలు, అన్నియు అక్కడనే కాలుచున్నవి. ఎదురింటి పడుచుపిల్ల, కంప్యూటరు కొలువు చేయునది, ఒకనాడు పనీరు ముక్కలు పుల్లలకు గ్రుచ్చి తెచ్చి, "బామ్మగారూ, ఇవి కాల్చిపెడతారా?" యని యడిగినది. అత్తగారు వానిని ఎగాదిగ చూచి, ఉప్పు చాలదని చెప్పి కాల్చియిచ్చిరి. వర్షము వచ్చిన దినములలో పలకకు తుప్పుపట్టకుండ నూనె రాచి, పాత దుప్పటి కప్పుట ఆమె పనియే. ఆ పని మాకు అప్పగింపుమన్నను ఒప్పుకొనరు.

గ్యాసు ఖర్చును గూర్చి అడుగువారుందురు. రెండు బర్నరులు నిండుగా వెలిగినచో గంటకు రమారమి 400 గ్రాములని మావారు లెక్కగట్టిరి. అనగా 5 కిలోల సిలిండరు పండ్రెండు గంటల పైచిలుకు మండవలె. అత్తగారు ఈ లెక్కను నమ్మక, గోడమీది పంచాంగములో గుర్తులు పెట్టుకొనిరి. మొదటి సిలిండరు 41 దినములు వచ్చినది. రెండవది ఇంకను నడుచుచున్నది. దానిపై ఆమె పెట్టిన గుర్తు ఆషాఢ శుద్ధ విదియనాటిది.